మంచునేలపై నలువది అడుగులు

ప్రవరుని పాదలేపము మంచునీట కరగిపోయిన కథ మన సోదరీమణులలో విననివారు అరుదు. మా నాన్నగారు నాకు మనుచరిత్రము చెప్పిన దినములలో నేను పండ్రెండేండ్ల పిల్లను. హిమవంతమును కన్నులార చూచి మురిసిన ఆ బ్రాహ్మణునకు ఇల్లు చేరు దారి లేకపోయినందుకు నాకు జాలి కలిగిన మాట నిజమేగాని, నన్ను వేధించిన సందేహము వేఱొకటి. “నాన్నగారూ, అంత మంచులో తిరిగాడు గదా, ఆయన జారిపడలేదేమండీ?” అని అడిగితిని. నాన్నగారు పుస్తకము మూసి చాలసేపు నవ్విరి. “పెద్దనగారు మంచు చూచియుండరమ్మా” అని మాత్రము చెప్పి, మఱల పద్యమునకు వచ్చిరి. ఆ మాటలోని నిజము నాకు ముప్పదియైదవ యేట, మన గోదావరికి భూగోళము ఆవలివైపుననున్న యొక యూరిలో, చెల్లెలి యింటి పెరటిలో తెలిసినది.

మా చెల్లెలును మరిదియు అమెరికాలోని మినసోటా రాష్ట్రమున మినియాపొలిస్ నగరమున కాపురముండి ఆఱేండ్లయినది. 2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారమునకే, నేనక్కడికి బయలుదేరవలసివచ్చెను. చెల్లెలికి అప్పటికి ఎనిమిదవ నెల. కానుపునకు పోవలసినది మా అమ్మ. కాని యామె అంతకు ముందటి శీతకాలమున అక్కడికే పోయి, వాకిట జారిపడి, కుడిచేతి మణికట్టు విఱుగగొట్టుకొని వచ్చినది. ఎముక అతికినదిగాని ఆ చేతితో బిందె యెత్తలేకున్నది. నాకును వీసా ముందే తీసియుంచిరి గనుక నేనే ప్రయాణమైతిని. మా వారు బడిపంతులు. వారికి పరీక్షల ముందటి నెలలు సెలవడుగరానివి. పిల్లవానిని అత్తగారికిని, ఆ యిద్దరిని మా వారికిని అప్పగించితిని. అమ్మ గుమ్మమువఱకు వచ్చి, “నేల చూచి అడుగుపెట్టు. దాన్ని మాత్రం గడప దాటనీయకు” అని చెప్పినది. జాడీలలో కారములు కట్టినంత శ్రద్ధతో ఆ మాటయు నాకు కట్టియిచ్చినది.

మినసోటాకు పదివేల సరస్సుల నాడని పేరు. పది యెకరములకు తక్కువకాని సరస్సులనే లెక్కించినను 11,842 కలవట. మిసిసిపీ మహానది పుట్టుకయు ఆ రాష్ట్రముననే, ఇటాస్కా యను సరస్సున. ఇన్ని నీళ్లున్న దేశమును నేను చూచునప్పటికి నీరెక్కడను కానరాలేదు. సరస్సులన్నియు తెల్లని పొలములైయుండెను. ఆ యేడు అక్కడివారికే విసుగు పుట్టించిన యేడు. ఆ శీతకాలమంతట కలిసి సుమారు 90 అంగుళముల మంచు పడినది. ఆ నగరపు లెక్కలలో అది మూడవ పెద్ద మంచు. వీధికి రెండువైపుల మంచుకుప్పలు నా భుజమువఱకు ఎత్తుండెను. వానినడుమ కాలిబాట, మన యూళ్లలో గడ్డివాముల నడుమ సందువలె, ఇరుకుగా పోయెడిది.

ఇక్కడ నొక మాట. మన తెలుగులో మంచనునది ఒక్కటే మాట. ధనుర్మాసమున తెల్లవారుజామున చెఱువుమీద పొగవలె ప్రాకునదియు మంచే. గడ్డిపరక కొననున్న బొట్టును మంచే. హిమాలయమున యుగములనుండి పడియున్నదియు మంచే. ఆ దేశమున కాలు పెట్టువారికి ఈ యొక్కమాట చాలదు. ఆకాశమునుండి దూదివలె రాలు మంచు శత్రువు కాదు. అందులో కాలు దిగబడును, దిగబడిన కాలు నిలుచును. శత్రువు గడ్డకట్టిన నీరు. పగటియెండకు పై మంచు కరగి, రాత్రి గడ్డకట్టినచో నొకటి. నలుగురి పాదములక్రింద నలిగి నునుపుదేఱినచో నొకటి. వీనిలో పరమదుష్టము నల్లని ఐసు. నిజమునకు దానికి నలుపు లేదు. అద్దమువలె తేటగా నుండి అడుగునున్న తారురోడ్డును చూపును గనుక, చూచువారు ఇక్కడ నెవరో నీళ్లు చల్లిరి కాబోలు అనుకొందురు. మా అమ్మను పడవేసినది దీని తోబుట్టువు. గడ్డకట్టిన మెట్టుమీద రాత్రి వ్రేలెడు మెత్తని మంచు పడి, దుప్పటి కప్పినట్లు కప్పెను. అమ్మ ఎండ వచ్చినదని సంతోషించి చెప్పులతో వెలుపలికి వచ్చెను.

గాజుపలక మీద తడిలేనిచో మనము జారముగదా, ఐసు మీద మాత్రమేల జారుదుమని నేను మరిది నడిగితిని. అతడు చదువుకొన్నవాడు. 1850లో మైకేల్ ఫారడే యను శాస్త్రజ్ఞుడు, ఐసు ఎంత గడ్డగా నున్నను దాని పైపొర మాత్రము ఇంచుమించు నీరువలెనే యుండునని ఊహించెనట. చాలకాలము పండితులు దానిని త్రోసిపుచ్చి, మన బరువు నొక్కుడువలన ఐసు కరగుననియు అందుచేత జారుదుమనియు చెప్పుచు వచ్చిరి. కాని మనిషి బరువు అంతటి పని చేయజాలదని పిమ్మట తేలి, ఫారడే మాటకే తిరిగి గౌరవము వచ్చినది. చలి తగ్గినకొలది ఆ తడిపొర మందమగును. కావున సున్నకు దిగువ 20 డిగ్రీల నాటి నేలకంటె సున్నకు ఒక్క డిగ్రీ దిగువనున్న నాటి నేలయే మోసకారి. నేనును మా అమ్మయు దీనికి తలక్రిందుగా తలచియుంటిమి. చలి తగ్గినది, హాయిగానున్నది, కొంచెము వెలుపలికి పోదమనుకొను దినమే ప్రమాదదినము.

ఇక చెల్లెలి సంగతి. నేను పోవునప్పటికి అది రెండు నెలలనుండి ఇల్లు కదలలేదు. ఆ పేటలోని ఇండ్లకు కారుకొట్టము ఇంటికి అంటుకొని యుండదు. పెరటిచివర, వెనుకసందు ప్రక్కన నుండును. వెనుకగుమ్మమునుండి కొట్టమునకు నా లెక్కకు 25 అడుగులు. డాక్టరును చూడబోవు దినములందు మాత్రము అది భర్తచేతిని రెండుచేతుల పట్టుకొని, కన్నులు మూసికొన్నంత పనిచేసి, ఆ 25 అడుగులు దాటుచుండెను. తక్కిన దినములన్నియు కిటికీయొద్ద. డాక్టరుగారు దినమును నడువుమనిరి. అమ్మ గడప దాటవద్దనెను. దానికి రెండు మాటలును అక్కఱలేదు. అమ్మ పడునపుడు ప్రక్కనే యుండినదట. “ఎముక చప్పుడు నాకు వినబడింది అక్కయ్యా” అని ఒకనాటి రాత్రి చెప్పి యేడ్చినది. ముఖమున నెత్తురు లేదు. రాత్రులు నిద్ర లేదు. మొదటి మూడు దినములు నేను అమ్మపక్షమున నుంటిని. నాలుగవనాడు దాని కాళ్లవాపు చూచి డాక్టరుపక్షమునకు వచ్చితిని.

నడుచుట నాకు చేతనైన విద్యయే యని నాకు గర్వముండెను. మా పుట్టినింట వర్షాకాలమున పొలముగట్లమీద, బావిగట్టు పాచిమీద, నిండుబిందెతో నడచినదానను. బొటనవ్రేలు నేలలోనికి నొక్కి, మడమను ఆలస్యముగా దించి, నడుము కొంచెము వంచి నడుచుట మన యాడువారికి ఎవరును నేర్పనక్కఱలేదు. కాని అక్కడ బొటనవ్రేలు రెండుజతల ఊలు మేజోళ్లలోను ఒక బూటులోను ఖైదు. నేలను తడిమి చూచుటకు పాదమునకు కన్ను లేదు. మొదటిదినమే గుమ్మమెదుట రెండు మాఱులు తూలి, తలుపుగడియ పట్టుకొని నిలిచితిని.

మాకు గురువైనది పక్కింటి ముసలమ్మగారు. ఆమెకు ఎనుబది దాటినవి. ఒంటరిది. మంచు ఆగిన 24 గంటలలోగా ఎవరి యింటిముందటి కాలిబాటను వారే తీసి శుభ్రము చేయవలెనని ఆ నగరపు శాసనము. ఆ ముసలమ్మగారు ఎవరిని పిలువక తానే పార పట్టి తన వాకిలి తీసికొని, తీఱిక చిక్కినచో మా వాకిలికిని వచ్చెడిది. ఒకనాడు బకెట్టుతో ఇసుక తెచ్చి మా మెట్లమీద చల్లుచుండగా నేను లోనికి పిలిచి కాఫీ ఇచ్చితిని. లోనికి వచ్చుటకు ముందు గుమ్మమునొద్ద వంగి, బూట్ల క్రిందనుండి నల్లని రబ్బరు తొడుగుల నూడదీసి ప్రక్కన పెట్టినది. వాని అడుగున చిన్న ఉక్కుమేకులుండెను. చెల్లెలు కిటికీవిడిచి లేచివచ్చి వానినే చూచుచుండెను. ముసలమ్మగారు దాని మనసు కనిపెట్టినట్లున్నది. “నీ పొట్టకంటె ఈ మేకులు గట్టివి, భయపడకు” అన్నదట. చెల్లెలే నాకు తెలిగించి చెప్పి నవ్వినది. ఆ మాసములో నేను విన్న మొదటి నవ్వు.

వీనిని అక్కడ క్లీట్లు అందురు. బూటుమీద తొడుగు రబ్బరు చట్రమునకు, కొన్నిటికి ఉక్కుతీగ చుట్టలుండును. అవి నలిగిన మంచుమీదను ఊరివీధులలోను చాలును. కొన్నిటికి పొట్టిమేకులు. ఇవి నునుపైన ఐసును కఱచును. మఱికొన్నిటికి గొలుసులును, వ్రేలిగోరంత కోఱలును ఉండును. అవి కొండదారులకు, సరస్సులమీది నడకకు. ఇది నేటి తెలివి కాదు. స్వీడన్‌లో బిర్కా యనుచోట వేయేండ్లనాటి సమాధులలో ఇనుప మంచుమేకులు దొరకినవి. మంచుకొండ లెక్కువారికి 1908లో ఆస్కర్ ఎకెన్‌స్టైన్ అను ఇంగ్లీషువాడు పదికోఱల తొడుగులను రూపించెను. ఇంటి ముసలివారికి ఇవి నిజముగా మేలుచేయునా యని విస్కాన్సిన్‌లో, అనగా మినసోటా ప్రక్క రాష్ట్రముననే, పరీక్షించి 2005లో ప్రకటించిరి. 65 యేండ్లు దాటి, అదివఱకే పడిన అనుభవముగల 109 మందిని తీసికొని, సగముమందికి తీగచుట్టల తొడుగులనిచ్చి, తక్కిన సగమును తమ మామూలు పాదరక్షలతోనే ఉండనిచ్చిరి. తొడుగులవారు బయట పడుట చాల తక్కువయ్యెను. మా అమ్మ వయసువారే వారందఱును. ఆ సంగతి తెలిసినప్పుడు చెల్లెలు ఏమియు అనలేదు. తొడుగులను చేతిలో త్రిప్పుచు కూర్చున్నది.

డబ్బు పెట్టలేనివారికిని ఒక ఉపాయము కలదు. న్యూజీలండులోని డునెడిన్ నగరమున నిట్రవీధులెక్కువ. అక్కడి పరిశోధకులు బూట్లమీద మేజోళ్లు తొడిగి నడచినవారు తక్కువగా జారుదురని నిరూపించి 2009లో వ్రాసిరి. మొదట నవ్వించి పిమ్మట ఆలోచింపజేయు పరిశోధనలకిచ్చు ఇగ్ నోబెల్ బహుమానము 2010లో వారికి దక్కినది. మరిది పాత ఊలు మేజోళ్లను నా బూట్లమీదికి లాగి నేనును పరీక్షించితిని. పని చేసినది. కాని తడిసి బరువెక్కి, ఇంటికి వచ్చునప్పటికి ఆ మేజోళ్లు కట్టెలవలె గడ్డకట్టి నిలువబడెను.

మఱునాడే మూడుజతల పొట్టిమేకుల క్లీట్లు వచ్చినవి. వీనిని వెచ్చని యింటిలో, కుర్చీలో కూర్చుండి తొడుగవలెను. చలిలో రబ్బరు బిగిసి సాగదు. నిలువబడి ఒంటికాలిమీద తొడుగబోయినవారు తొడుగకుండగనే పడుదురు. ముందు వ్రేళ్లవైపు దూర్చి, పిదప మడమకు లాగి, మేకులు సరిగా అరికాలిక్రిందికి వచ్చినవో లేదో చేతితో తడిమి చూచుకొనవలెను. చెల్లెలు వంగలేదుగదా. నేను నేలమీద కూర్చుండి దాని పాదములను ఒడిలో పెట్టుకొని తొడిగితిని. పెండ్లినాడు ఆ పాదములకే పారాణి పెట్టితిని. ఇనుము పెట్టుదునని నాడు తలచితినా?

నడకయు మార్చుకొనవలెను. ముసలమ్మగారు చూపించినట్లు, అడుగులు పొట్టివిగా, మోకాళ్లు కొంచెము వంచి, పాదము మొత్తము ఒక్కసారిగా నేలనానించి, దేహభారము ముందరికాలిమీదికి తెచ్చుకొని నడువవలెను. మడమ ముందు దించినచో మడమయే జారును. చేతులు జేబులలో నుండరాదు. మన బొటనవ్రేలి నడకకు ఇది సవతి. అయినను అలవడుటకు వారము చాలినది. పెంగ్విను పక్షి నడకయని అక్కడివారు దానికి పేరు పెట్టుకొనిరి. నాకు మాత్రము తొమ్మిదవనెల గర్భిణి నడక జ్ఞప్తికి వచ్చినది. చెల్లెలికి సగము విద్య ముందే వచ్చియుండెను.

మొదటినాడు గుమ్మమునుండి పది అడుగులు. చెల్లెలు పదవ అడుగున ఆగి, “కరకర మంటోంది” అన్నది. మేకులు ఐసును కఱచు చప్పుడది. ఏ చప్పుడునకు అది రెండునెలలు భయపడెనో దానికి ఈ చప్పుడు ఎదురుగా నిలిచినట్లు నాకు తోచినది. రెండవనాడు కొట్టమువఱకు. పొట్టి అడుగులతో అది 25 కాదు, 40 అయ్యెను. వారము తిరుగునప్పటికి వీధిచివరి మేపుల్ చెట్టువఱకు పోయి వచ్చుచుంటిమి.

నా గర్వభంగము కూడ దాచక వ్రాసెదను. డాక్టరుగారియొద్దకు పోవు దినమున నేను మేకులు తొడుగుకొని, నలువది అడుగులను దర్జాగా నడచి కారెక్కితిని. మరిది తన తొడుగులను ముందే తీసివేసెను. కారుతొక్కుడుపీటలమీద ఆ మేకులు జారునట. చెల్లెలివియు తానే తీసెను. “వదినగారూ, మీవి?” అని అడిగెను. “కాలికి ఇనుమున్నదిగదా నాయనా, నాకేమి భయము” అంటిని. ఆసుపత్రి తలుపు తమంతట తెఱచుకొన్నది. లోపల నున్నని రాతినేల. రెండవ అడుగున నా రెండుకాళ్లును నాకంటె ముందు పోయినవి. కూర్చున్నపాటున పడితిని. చెల్లెలు కెవ్వున అఱచినది. దానికేమగునో యని నాకు నా నొప్పికంటె అదే భయమైనది. తుంటిమీద కమిలిన మచ్చ పదునైదు దినము లుండెను. సిగ్గు ఇంకను ఉన్నది. ఇనుపపన్ను తనకంటె మెత్తనిదానినే కఱవగలదు. ఐసు దానికి మెత్తన, రాయి కాదు. రాతిమీద నాలుగు మేకుమొనలపై నిలుచుట గాజుగోళీలపై నిలుచుటయే. కొత్తగా తొడిగినవారిలో చాలమంది వెలుపల పడక లోపల పడుదురని నర్సమ్మగారు నవ్వు నాపుకొనుచు చెప్పిరి.

ఆనాటినుండి నేను గుమ్మములను చూచుట నేర్చుకొంటిని. మేపుల్ గ్రోవులోని హిందూదేవాలయమునకు ఒక ఆదివారము పోతిమి. ఒకే కప్పుక్రింద అనేక దేవతల గుడులు. తిరుపతి వేంకటేశ్వరుని చూచి కన్నీరు వచ్చినదని వ్రాయుట కొత్తమాట కాదు. నన్ను ఆకర్షించినది చెప్పులు విడుచు చోటు. మన యూళ్లలో చెప్పులుండుచోట మోకాలెత్తు బూట్లు, వానినుండి కారు మంచునీరు, మేకులతొడుగులను కొందఱు సంచిలో దాచిన జాగ్రత్త, కొందఱు ఎక్కడబడితే అక్కడ విడిచిన నిర్లక్ష్యము. ఒక పెద్దాయన కూతుఱు బల్లమీద కూర్చుండబెట్టి తొడుగులు విప్పుచుండగా, ఆయన పాదము చాచి రాజువలె కూర్చున్నాడు. మన పాదములను పట్టుకొనుటకు మనుష్యులుండుట ఎంత భాగ్యమో చలిదేశములలో తెలియును.

ఇసుకమాట చెప్పితిని, ఉప్పుమాట చెప్పలేదు. ఉప్పు నీరు గడ్డకట్టు చలిని క్రిందికి దించును గనుక అక్కడ రోడ్లకు ఉప్పు చల్లుదురు. కాని సున్నకు దిగువ సుమారు 9 డిగ్రీలు దాటినచో సామాన్యపు ఉప్పు పని మందగించును. అప్పుడు ఇసుకయే గతి. మినియాపొలిస్ నగరమువారు నివాసులకు ఇసుకను వెలలేకయే ఇచ్చుచున్నారు. బకెట్టు పట్టుకొని పోయిన తెచ్చుకొనవచ్చును. పడిన ఉప్పు ఎక్కడికి పోవును? కరగి సరస్సులోనికే. ఒక చెంచాడు ఉప్పు 5 గాలనుల, అనగా ఇంచుమించు 19 లీటర్ల నీటిని చెఱచుననియు, ఒకసారి కలసిన దానిని తీయుట అసాధ్యమనియు ఆ రాష్ట్రపు కాలుష్యనివారణశాఖ చెప్పుచున్నది. చారులో ఉప్పెక్కువైన ఏమి చేయుదుమో మనకు తెలియును, నీళ్లు పోయుదుము. సరస్సులో ఎక్కువైన నీళ్లెక్కడినుండి తెత్తుము? కొందఱు వాకిట ఉప్పును ఊరగాయకు పోసినట్లు పోయుట నాకు నచ్చలేదు. అడుగడుగునకు నాలుగు కల్లులు చాలు. తక్కినపని మేకులదియు ఇసుకదియు.

ఆ నగరపు నడిబొడ్డున చలిని తప్పించుకొను వేఱొక యుక్తి కలదు. 1962 నుండి మేడకును మేడకును నడుమ వీధిమీదుగా గాజువంతెనలు కట్టుచు వచ్చిరి. నేడవి కలిసి సుమారు 15 కిలోమీటర్ల దారి. నేల ముట్టకుండ ఊరంతయు తిరుగవచ్చును. చెల్లెలిని అక్కడ నడిపింపుమని కొందఱు చెప్పిరి. ఒకనాడు పోతిమి. సుఖముగనే యుండెను. కాని అది బజారు నడుచుటగాని వెలుపల నడుచుట కాదు. ఆకాశము గాజుకవతల, చలిగాలి గాజుకవతల. చెల్లెలు అరగంటకే “ఇంటికి పోదాం, మేపుల్ చెట్టుదాకా పోదాం” అన్నది. ఆ మాటకు మరిది నావైపు చూచి నవ్వెను.

హారియెట్ సరస్సు మా చెల్లెలియింటికి సమీపము. నడుచుటకు తేటయైన కొత్త ఐసు కనీసము 4 అంగుళముల దళసరి యుండవలెనని అక్కడి ప్రభుత్వము సూచించుచున్నది. జనవరి చివర అంతకు మిక్కిలిగా నుండెను. చెల్లెలిని ఒడ్డున కారులో ఉంచి నేనును మరిదియు సరస్సుమీదికి పోతిమి. గాలి మంచును ఊడ్చివేసినచోట ఐసు నల్లగా, లోతుగా, తేటగా కనబడెను. లోపల తెల్లని బుడగలు గాజులోని ముత్యములవలె ఒకదానిపై నొకటి నిలిచియుండెను. అంతటి నునుపుపై నా కాళ్లు కదలలేదు. కొందఱు రంధ్రము తొలిచి, పీటవేసికొని చేపలు పట్టుచున్నారు. నీటిమీద నిలిచితినన్న ఆనందముకంటె, వెనుదిరిగి ఒడ్డున కారుకిటికీలోనుండి చెల్లెలు చేయి యూపుట చూచిన ఆనందమే నాకెక్కువ.

ఫిబ్రవరి నడుమ, మంచు పడవలసిన దినములలో, వాన కురిసినది. రోజంతయు మన శ్రావణపువానవలె కురిసి, మఱుసటి రాత్రికి చలి తిరుగబడెను. వాననీరంతయు ఉన్నచోటనే గడ్డకట్టెను. చెట్లకొమ్మలు గాజుతొడుగులు వేసికొనెను. సాయంకాలము ముసలమ్మగారు గోడమీదుగా “ఈ రాత్రి ఎవరును బయటికి రాకుడు” అని కేకవేసి చెప్పినది. రాత్రి రెండుగంటలకు చెల్లెలు నన్ను లేపినది. ముఖము చూచినతోడనే తెలిసినది.

మరిది ముందుపోయి ఇసుక చల్లెను. తడియిసుక బయట గడ్డకట్టునని బకెట్టును వంటింటిలోనే ఉంచియుంటిమి. ఆ మంచిపని ఎవరు చేసిరో జ్ఞప్తి లేదు, నేనే చేసియుంటినేని మఱవక చెప్పియుందును. నేను గుమ్మమున కూర్చుండి చెల్లెలి పాదములకు మేకులు తొడిగితిని. నా చేతులు వణకెను. అది నా తలపై చేయి వేసి, “నిదానంగా అక్కయ్యా” అని నాకే ధైర్యము చెప్పినది. మరిది దానికొక చేయి యిచ్చెను. నేను ఒక అడుగు వెనుక నడచితిని. ముగ్గురము ఒకరినొకరు పెనవేసికొన్నచో ఒకరు జారిన ముగ్గురును పడుదుమని ముసలమ్మగారు ముందే చెప్పియుండిరి.

పెరటిదీపము వెలుగులో ఆ నలువది అడుగుల నేల పాలరాతిపలకవలె మెఱయుచుండెను. నేను లెక్కపెట్టుచు నడచితిని. పదియేడవ అడుగున చెల్లెలికి నొప్పి వచ్చినది. అది ఆగిపోయినది. ముందుకు రాదు, వెనుకకు రాదు. కన్నులు మూసికొని, భర్తచేతిని నొక్కి, నడుము వంచి, ఆ గాజునేలపై నిలువునా నిలిచినది. నిమిషమో నిమిషమున్నరయో. దాని మేకులక్రింద సన్నని చప్పుడు వినబడెను. పాదములు వ్రేలెడైనను కదలలేదు. నొప్పి తగ్గినపిమ్మట అది కన్నులు తెఱచి క్రిందికి చూచికొన్నది. “పద” అన్నది. నలువదవ అడుగున కొట్టపు తలుపు.

ఆసుపత్రి వాకిట కారాగెను. లోపల మఱల అదే నున్నని రాతినేల. చక్రములకుర్చీ తెచ్చిన మనిషి త్వరపెట్టుచున్నను నేను వంగి చెల్లెలి తొడుగులు లాగబోతిని. అది నొప్పినడుమ ఊపిరి తీసికొని, “మొదట నీవి తియ్యి అక్కయ్యా” అన్నది. తీసితిని. రెండుజతలను కోటుజేబులో కుక్కుకొని లోనికి పోతిని. తెల్లవారునప్పటికి అవి జేబులో కరగి నా చీరను తడిపినవి. అప్పటికి ఆడపిల్ల పుట్టినది.

మన యింట అది సాయంకాలము. అమ్మకు ఫోను చేసితిని. అటునుండి పలకరింపు లేదు, శుభాశుభముల ప్రశ్న లేదు. “ఎవరూ పడలేదుగదా?” అన్నది. లేదంటిని. కొంతసేపు నిశ్శబ్దము. పిదప అమ్మ గొంతు సరిచేసికొని, “ఇప్పుడు చెప్పు, పిల్లా పిల్లవాడా?” అని యడిగినది.